కొబ్బరి కొవ్వుకి... గోదారి కొక్కెం!

ఐనవిల్లి గుడి ముందు కొట్టే కొబ్బరికాయకీ, ఎక్కడో పరిశోధనశాలలో మైనస్ 20 డిగ్రీల చలిలో దాచే చిటికెడు తెల్లపొడికీ చుట్టరికం ఉంది. ఆ పొడి పేరు లారాయిల్ కోఎంజైమ్-ఎ. అందులో ఒక ముక్క కొబ్బరినూనెలో పుష్కలంగా దొరికేదే. మిగతా ముక్కల గుట్టు విప్పినవారిలో ఒకరు గోదావరి గడ్డమీద పుట్టిన తెలుగువాడు. కొబ్బరినూనె అమృతమా, విషమా అన్న వాదన తేలాలంటే... ముందు ఈ పొడి కథ తెలియాలి!

సిద్ధి వినాయకుడి పేరు చెబితే ఐనవిల్లి గుర్తొస్తుంది. ఐనవిల్లి పేరు చెబితే కొబ్బరి గుర్తొస్తుంది. కోనసీమలో ఏ ఊరికెళ్లినా అంతే. ఇంటికి నీడ కొబ్బరిచెట్టుది. పెళ్లిపందిరికి ఆకు కొబ్బరిది. పచ్చికోరు పచ్చడికి, బెల్లంతో కలిస్తే లౌజుకి, నూనె తలకి, పీచు తాడుకి, చిప్ప పొయ్యిలోకి! కాయ దింపించి, ఒలిపించి, లెక్కపెట్టి అంబాజీపేట మార్కెట్‌కి పంపితేనే చాలా ఇళ్లలో పిల్లల ఫీజులు కట్టేది. అందుకే ఇక్కడ కొబ్బరి ధర పడిపోయిందంటే ఊరంతా దిగాలే.

ఇంత ముఖ్యమైన కాయలో అసలు సరుకేమిటి? నీళ్లా? తియ్యటి కోరా? వ్యాపారిని అడిగితే నూనె అంటాడు. బాగా ఎండిన కొబ్బరిలో వంద కిలోలకి అరవై కిలోలకు పైగా నూనే ఉంటుంది. మరి ఆ నూనెలో ఏముంది? రసాయన శాస్త్రవేత్తని అడిగితే ఒక్క మాటలో చెబుతాడు... లారిక్ ఆమ్లం.

పన్నెండు పూసల దండ

నూనె ఏదైనా కావచ్చు. వేరుసెనగది, నువ్వులది, పొద్దుతిరుగుడుది, చివరికి నెయ్యి అయినా సరే. దాన్ని విడగొడితే వచ్చేవి కొవ్వు ఆమ్లాలే. కర్బన పరమాణువుల్ని పూసల్లా వరసగా గుచ్చితే కొవ్వు ఆమ్లం. తేడా అంతా ఎన్ని పూసలున్నాయన్న దాంట్లోనూ, అవి ఎలా కలిశాయన్న దాంట్లోనూ ఉంటుంది. మన వంటింటి నూనెల్లో ఎక్కువగా ఉండేవి 16, 18 పూసల దండలు. కొబ్బరినూనె అలా కాదు. అందులో దాదాపు సగం 12 పూసల దండే. అదే లారిక్ ఆమ్లం. మన చుట్టుపక్కల పంటల్లో ఇంత లారిక్ ఉన్నది మరొక్కటే... ఆయిల్‌పామ్ గింజలోని పప్పు నూనె.

పొట్టి దండ కావడంవల్ల ఈ ఆమ్లానికి కొన్ని ప్రత్యేకతలు వచ్చాయి. దీంతో చేసిన సబ్బు చన్నీళ్లలో కూడా ఇట్టే నురగనిస్తుంది. షాంపూ సీసా వెనకా, టూత్‌పేస్టు డబ్బా మీదా ‘సోడియం లారిల్ సల్ఫేట్’ అనో, ‘లారెత్’ అనో కనబడుతుందే... ఆ లారిల్‌కి పుట్టిల్లు కొబ్బరినూనె, పామ్ పప్పు నూనెలే. అంటే కొబ్బరి పచ్చడి తినని ఇళ్లు కూడా రోజూ పొద్దున్నే కొబ్బరి గుణంతో పళ్లు తోముకుంటున్నాయన్నమాట!

సబ్బు సంగతి సరే. ఇదే లారిక్ ఆమ్లం ఒంట్లోకి వెళ్తే ఏమవుతుంది? అక్కడే వస్తుంది కొక్కెం కథ.

కొక్కెం లేనిదే కదలదు

కొవ్వు ఆమ్లం బద్ధకస్తురాలు. కణంలోకి వెళ్లి ఊరికే కూర్చుంటుంది. కణంలో పనిచేసే ఎంజైములు దాన్ని కోయలేవు, కలపలేవు, కాల్చలేవు. నున్నటి కొబ్బరిబొండాన్ని ఒంటిచేత్తో పట్టుకుని చెట్టు దిగమంటే కుదురుతుందా? గెలకి తాడు కట్టి దించాలి. కొవ్వు ఆమ్లానికి కట్టే అలాంటి తాడే కోఎంజైమ్-ఎ. ముద్దుగా ‘కోఏ’.

ఈ తాడు మూడు ముక్కల అతుకు. ఒక కొసన కొక్కెం... అది గంధకం పరమాణువు. కొవ్వు ఆమ్లం తగులుకునేది దీనికే. మధ్యలో తాడు... అది పాంటోథెనిక్ ఆమ్లం, అంటే మనం తినే విటమిన్ బి-5. రెండో కొసన పిడి... ఇది ఏటీపీ అణువు నుంచి తీసుకున్న ముక్క. ఎంజైములు పిడి పట్టుకుని, కొక్కేనికి వేలాడుతున్న కొవ్వుతో తమకి కావలసిన పని చేయించుకుంటాయి.

లారిక్ ఆమ్లం ఇలా కొక్కేనికి తగులుకుంటే దాని పేరు లారాయిల్ కోఏ. చిత్రమేమిటంటే ఇందులో సరుకు కంటే తాడే బరువు. లారిక్ ఆమ్లం అణుభారం 200 అయితే కోఏది 767. అంటే తగిలించిన తర్వాత మొత్తంలో కొబ్బరి వాటా అయిదోవంతే! పైగా తగిలించడం ఉచితం కాదు. దానికి కణం ఒక ఏటీపీని ఖర్చుపెట్టాలి. ముందు పెట్టుబడి, తర్వాత రాబడి.

ఈ ‘ఎ’ ఏమిటనే సందేహం రావచ్చు. 1945లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఫ్రిట్జ్ లిప్‌మన్ అనే శాస్త్రవేత్త పావురాల కాలేయంలో ఈ పదార్థాన్ని కనిపెట్టాడు. ఎసిటేట్ అనే ముక్కకి చురుకు తెప్పిస్తుంది కాబట్టి దాన్ని సూచిస్తూ ‘ఎ’ అన్నాడు. అందులో విటమిన్ బి-5 దాగి ఉందని మరో రెండేళ్లకి తేల్చాడు. 1951లో జర్మనీలో ఫియోడర్ లినెన్ కొక్కెం ఎక్కడుందో చెప్పాడు... గంధకం దగ్గర! లిప్‌మన్‌కి 1953లోనూ, లినెన్‌కి 1964లోనూ నోబెల్ బహుమతులు వచ్చాయి. కానీ వీళ్లకంటే ముందే ఆ తాడులోని ముక్కల్ని విడివిడిగా చేత్తో పట్టుకుని చూసిన మనిషి ఒకరున్నారు. ఆయన ఊరు భీమవరం.

భీమవరం నుంచి బోస్టన్‌కి

యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కోనసీమకి పడమటి సరిహద్దు వశిష్ఠ గోదావరి అయితే, అవతలి ఒడ్డు దాటాక వచ్చే డెల్టా పట్నమే అది. ఆయన ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో చనిపోయారు. తిన్నది ఒంటపట్టదు, ముఖ్యంగా కొవ్వు అరగదు, మనిషి చిక్కి శల్యమవుతాడు... అదీ ఆ జబ్బు. సుబ్బారావుకీ అది సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందుతో బతికి బయటపడ్డారు. మద్రాసులో వైద్యం చదివి, మామగారి సాయంతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరాతోనూ 1922లో ఓడెక్కి బోస్టన్ చేరారు.

అక్కడ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరి మొదట చేసిన పని రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టడం. 1925లో వెలువడిన ఆ ‘ఫిస్క్-సుబ్బారావు పద్ధతి’ బయోకెమిస్ట్రీ విద్యార్థులకి ఇప్పటికీ పాఠమే. ఆ కొలబద్ద చేతికొచ్చాక కండరంలో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. కణానికి ఏటీపీ నగదులాంటిది. ఏ పని కావాలన్నా చెల్లించాల్సింది ఆ నోటుతోనే.

తర్వాత ఆయన దృష్టి విటమిన్ల మీద పడింది. జార్జ్ హిచింగ్స్‌తో కలిసి ఎలుకల ఎదుగుదలకి పాంటోథెనిక్ ఆమ్లం అవసరమని 1939లో ప్రకటించారు. ఈ హిచింగ్స్‌కి తర్వాత 1988లో నోబెల్ వచ్చింది. సుబ్బారావుకి మాత్రం రాలేదు.

ఇప్పుడు మళ్లీ మన తాడు దగ్గరకి వద్దాం. పిడి ఏటీపీది. మధ్య భాగం పాంటోథెనిక్ ఆమ్లం. రెండింటి మీదా సుబ్బారావు చెయ్యి పడింది! అవి రెండూ కలిసి ఒకే తాడవుతాయని అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. 1940లో ఆయన బోస్టన్ వదిలి లెడర్లీ కంపెనీకి వెళ్లారు. మరుసటేడు అదే బోస్టన్‌కి లిప్‌మన్ వచ్చాడు. ఒకరు విడిచిన ఊళ్లో మరొకరు దారం కొస అందుకున్నారు.

లెడర్లీలో సుబ్బారావు బృందం చేసిన పనులు మనకి తెలిసినవే. ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్‌కి మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్. గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర మూలం కూడా అక్కడే ఉంది. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

తెల్లపొడి... పసుపు రంగు

కొవ్వుల మీద పరిశోధన చేసేవాళ్లకి లారాయిల్ కోఏ ఒక పనిముట్టు. దాన్ని గ్రాముల్లో కాదు, మిల్లీగ్రాముల్లో అమ్ముతారు. లిథియం లవణంగానో, సోడియం లవణంగానో తెల్లటి పొడి రూపంలో వస్తుంది. ఫ్రీజర్లో దాచాలి. క్షారగుణమున్న ద్రావణంలో ఎక్కువసేపు ఉంచితే కొక్కెం ఊడిపోతుంది. మోతాదు మించితే సబ్బులా ప్రవర్తించి ఎంజైముల్నే పాడుచేస్తుంది. ఎంతైనా కొబ్బరి బుద్ధి కదా!

ఇంత గారాబం ఎందుకంటే... ఎంజైములకీ ఇష్టాయిష్టాలుంటాయి. ఒకదానికి 16 పూసల దండ కావాలి. మరొకదానికి 8 చాలు. ఇంకొకటి 12 అయితేనే ముడుతుంది. ఏది దేన్ని ఇష్టపడుతుందో తెలియాలంటే ఒక్కో పొడవు దండనీ కొక్కేనికి తగిలించి దాని ముందు పెట్టి చూడాలి. పెళ్లిచూపుల్లాంటి వ్యవహారం.

ఎంజైమ్ ‘ఔనంద’ని తెలిసేదెలా? దండని అది అందుకోగానే కొక్కెం ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన గంధకానికి 1959లో జార్జ్ ఎల్మన్ పరిచయం చేసిన ఒక రసాయనం తగిలితే ద్రావణం పసుపు రంగుకి తిరుగుతుంది. రంగు ఎంత చిక్కనైతే ఎంజైమ్ అంత జోరుగా పనిచేస్తున్నట్టు. పరికరంలో పెట్టి ఆ రంగుని కొలిస్తే లెక్క వచ్చేస్తుంది.

ఇదంతా గాజుగొట్టాల ముచ్చట అనుకుంటే పొరపాటే. ఇలాంటి పరీక్షల వెనకే ఒకప్పుడు కొబ్బరి రైతు పొట్టకొట్టగల ప్రయత్నం ఒకటి జరిగింది.

ఆవచేలో కొబ్బరినూనె!

కొబ్బరిచెట్టుకి 12 దగ్గర ఆగడం ఎలా తెలుసు? ఏ మొక్కయినా కొవ్వు దండని రెండేసి పూసల చొప్పున గుచ్చుకుంటూ పోతుంది. మామూలు మొక్కలు 16, 18 దాకా వెళ్తాయి. కొబ్బరికాయలో ఒక ఎంజైమ్ కత్తెర పట్టుకుని కూర్చుంటుంది. పొట్టి దండలుగా ఉండగానే, ముఖ్యంగా పన్నెండో పూస పడగానే తెంపేస్తుంది. తెగిన దండ కోఏ కొక్కేనికి తగులుకుని లారాయిల్ కోఏ అవుతుంది. అక్కణ్నుంచి దండల్ని మూడేసి చొప్పున గ్లిజరాల్ అనే దూలానికి వేలాడదీస్తే నూనె తయారు.

అమెరికాలో కాల్జీన్ అనే కంపెనీ ఉండేది. 1994లో జన్యుమార్పిడి టమాటాని మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది వాళ్లే. సబ్బుల పరిశ్రమకి కావలసిన లారిక్ ఆమ్లం కోసం అమెరికా ఉష్ణదేశాల మీద ఆధారపడాల్సి వస్తోంది కదా, మన పొలంలోనే పండిస్తే పోలా అనుకున్నారు. కాలిఫోర్నియాలో పెరిగే బే అనే చెట్టు గింజలోనూ ఇలాంటి కత్తెరే ఉంది. ఆ జన్యువుని తీసి మొక్కలో పెడితే లారిక్ పేరుకుంటుందని 1992లో చూపించారు. ఆవాల జాతికి చెందిన కనోలా మొక్కలో పెట్టి 1995 నాటికి ‘లారికల్’ పేరుతో నూనె తీశారు. అందులో దాదాపు 40 శాతం లారిక్!

కానీ అక్కడో చిక్కొచ్చింది. దూలానికి మూడు చోట్లుంటే ఆ మొక్క రెండు చివర్ల మాత్రమే లారిక్‌ని తగిలించేది. మధ్యలో చోటున్నా ససేమిరా అనేది. మధ్య చోటుని నింపే దాని ఎంజైముకి 12 పూసల దండ నచ్చదు మరి. కొబ్బరిలోని ఎంజైముకి ఆ పట్టింపు లేదు. అందుకని కాల్జీన్ శాస్త్రవేత్తలు లేత కొబ్బరి కోరు నుంచే ఆ ఎంజైమ్ జన్యువుని 1995లో పట్టుకున్నారు. అది కొబ్బరిదేనని, 12 పూసల దండని ఒప్పుకుంటుందని రుజువు చేయడానికి వాడింది... మన లారాయిల్ కోఏనే! ఆ జన్యువుని ఆవచేలోకి చేర్చాక మధ్య చోటు నిండింది, నూనెలో మొత్తం లారిక్ కూడా పెరిగిందని 1999లో ప్రకటించారు.

శాస్త్రం గెలిచింది. వ్యాపారం మాత్రం గెలవలేదు. లారికల్ మార్కెట్లో నిలదొక్కుకోలేకపోయింది. ఉష్ణదేశాల కొబ్బరి, పామ్ పప్పు నూనెలే ఇప్పటికీ ప్రపంచానికి లారిక్ అందిస్తున్నాయి. కొబ్బరి రైతు ఊపిరి పీల్చుకున్నాడు అనడానికి లేదు... అసలు ఇలాంటి గండం ఒకటి వచ్చి పోయిందని కూడా కోనసీమలో చాలామందికి తెలియదు. పంటకి పురుగూ తెగులూ తోటలోనే రావక్కర్లేదు. పోటీ గాజుగొట్టంలోంచి కూడా రావచ్చు.

పంటు దాటితేనే పొయ్యిలోకి

చెట్టు సంగతి చూశాం. ఇక మన ఒంట్లోకి వద్దాం. కొవ్వుని కణం ఎలా కాలుస్తుందో మొదట పసిగట్టింది జర్మనీకి చెందిన ఫ్రాంజ్ నూప్. 1904లో ఆయన కుక్కలకి వింత కొవ్వులు తినిపించాడు. దండ చివర ఒక బెంజీన్ వలయాన్ని గుర్తుగా కట్టి పంపాడు. పొలిమేర దాటే పశువుకి మెడలో గంట కట్టినట్టు! తర్వాత మూత్రంలో ఏం బయటపడిందో చూశాడు. బేసి సంఖ్య పూసల దండ వేస్తే ఒక రకం ముక్క, సరి సంఖ్య వేస్తే మరో రకం ముక్క వచ్చాయి. అంటే దండ ఒక్కో పూసగా కాదు, జంటలు జంటలుగా తెగుతోంది.

ఆ కోత జరిగే పొయ్యి మైటోకాండ్రియా. కణంలో అదో లంక. దానిచుట్టూ ఉన్న పొర గోదావరి పాయలాంటిది. కోఏ తాడుతో ఉన్న కొవ్వు ఆ పాయ దాటలేదు. అందుకని ఇవతలి రేవులో తాడు విప్పి కార్నిటిన్ అనే పంటు ఎక్కించాలి. అవతలి రేవులో దించి మళ్లీ ఇంకో కోఏ తాడు కట్టాలి. 16, 18 పూసల దండలకి ఇదే దారి. 8, 10 పూసల పొట్టి దండలకి పంటు అక్కర్లేదు, ఈదేస్తాయి. 12 పూసల లారిక్ మాత్రం మధ్యరకం. కొంత అలా, కొంత ఇలా.

లంకలో చేరిన లారాయిల్ కోఏని అయిదుసార్లు కోస్తే ఆరు జతలొస్తాయి. వాటిని పూర్తిగా కాలిస్తే మొత్తం 80 ఏటీపీలు. మొదట్లో పెట్టిన పెట్టుబడి రెండు ఏటీపీల కింద లెక్క. అది పోను 78 మిగులు!

ఈ కోత ఆగితే...

పైన చెప్పిందంతా సాఫీగా జరిగినంతకాలం మనకి తెలియను కూడా తెలియదు. ఆగినరోజు ప్రాణం మీదికొస్తుంది.

కొందరు పిల్లలకి పుట్టుకతోనే మధ్యరకం పొడవున్న దండల్ని కోసే ఎంజైమ్ ఉండదు. ఆరు నుంచి పన్నెండు పూసల దండలు కొక్కేలకి వేలాడుతూ అలాగే ఉండిపోతాయి. ‘ఎంక్యాడ్’ లోపం అనే ఈ జబ్బుని 1980ల ఆరంభంలో గుర్తించారు. బిడ్డ చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది. జ్వరమొచ్చి ఒకపూట పాలు తాగకపోయినా, రాత్రంతా ఖాళీ కడుపుతో నిద్రపోయినా ప్రమాదం. చక్కెర నిల్వలు అయిపోగానే కొవ్వుని కాల్చాలి. అది కుదరదు. తెల్లారేసరికి మగత, ఫిట్స్, ఒక్కోసారి మరణం. మందు ఏమిటో తెలుసా? వేళకి అన్నం పెట్టడం! పుట్టగానే మడమ నుంచి తీసిన రక్తపు బొట్టుతో ఈ లోపాన్ని పట్టెయ్యవచ్చు. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా కనిపించే ఈ లోపం మన దగ్గర తక్కువే.

ఇక్కడో తమాషా ఉంది. పొడవాటి దండల్ని కోయలేని పిల్లలు వేరే ఉంటారు. వాళ్లకి కొబ్బరి, పామ్ పప్పు నూనెల నుంచి వేరుచేసిన 8, 10 పూసల నూనెని డాక్టర్లు మందుగా ఇస్తారు. ఎంక్యాడ్ లోపమున్న పిల్లలకి అదే నూనె పనికిరాదు. ఒకరికి అమృతం, మరొకరికి ముప్పు!

పుట్టుకతో లోపం లేకపోయినా ఈ కోత ఆగిపోవచ్చని బీహార్‌లోని ముజఫర్‌పూర్ చూపించింది. అక్కడ ఏళ్ల తరబడి వేసవిలో పిల్లలు తెల్లవారుజామున ఫిట్స్‌తో చనిపోయేవారు. 2014లో 390 మంది ఆసుపత్రుల్లో చేరితే 122 మంది దక్కలేదు. పరిశోధకులు తేల్చిన విషయం 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. లిచీ పండులోని కొన్ని పదార్థాలు కోఏ కొక్కేనికున్న కొవ్వుని కోసే ఎంజైముల్ని స్తంభింపజేస్తాయి. పగలంతా తోటలో పళ్లు తిని, రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లలే ఎక్కువగా బలయ్యారు. పరిష్కారంగా చెప్పింది పెద్ద మందేమీ కాదు. పిల్లల్ని ఖాళీ కడుపుతో పడుకోబెట్టొద్దని, జబ్బుపడితే వెంటనే గ్లూకోజ్ ఎక్కించాలని. ‘రాత్రిపూట పస్తు పడుకోకూడదు’ అని మన పెద్దవాళ్లు కసిరేది ఊరికే కాదు.

అమృతమా... విషమా?

ఇప్పుడు అసలు ప్రశ్న. కొబ్బరినూనె తింటే సన్నబడతారని, మెదడుకి మేలని, గుండెకి ఢోకా లేదని ఫోన్లలో తెగ తిరుగుతోంది. ‘అందులో ఉన్నది మధ్యరకం కొవ్వు, నేరుగా కాలేయానికెళ్లి కాలిపోతుంది’ అన్నది ఆ వాదనకి మూలం. ఇది 8, 10 పూసల దండల విషయంలో నిజం. వాటిమీద జరిగిన ప్రయోగాల ఫలితాల్ని తెచ్చి కొబ్బరినూనెకి అంటగట్టడమే తిరకాసు. కొబ్బరినూనెలో అవి వందకి పదిహేను పాళ్లు దాటవు. సగం ఉన్నది లారిక్. అందులో ఎక్కువభాగం పొడవాటి కొవ్వుల్లాగే శోషరస నాళాల దారిన రక్తంలో కలుస్తుంది. పేరుకి మధ్యరకమైనా నడక పెద్దవాళ్లది!

అందుకే 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కొబ్బరినూనె వాడొద్దని సలహా ఇచ్చింది. 2020లో 16 ప్రయోగాల్ని కలిపి చూసిన ఒక విశ్లేషణ ‘సర్క్యులేషన్’ పత్రికలో వచ్చింది. ఇతర వంటనూనెలతో పోలిస్తే కొబ్బరినూనె చెడు కొలెస్ట్రాల్‌ని సుమారు 10 మిల్లీగ్రాములు పెంచింది. మంచి కొలెస్ట్రాల్‌ని కూడా 4 మిల్లీగ్రాములు పెంచింది. ఆ మంచి ఈ చెడుని చెల్లగొడుతుందన్న హామీ లేదు.

అయితే కొబ్బరి తినేవాళ్లంతా గుండెజబ్బులతో పోతున్నారా? అదీ లేదు. పసిఫిక్ సముద్రంలోని టోకెలావ్, పుకాపుకా దీవుల వాళ్ల మీద 1981లో ఒక అధ్యయనం వచ్చింది. టోకెలావ్‌లో తిండి ద్వారా వచ్చే శక్తిలో సగానికి పైగా కొబ్బరి నుంచే. అయినా గుండె, రక్తనాళాల జబ్బులు అరుదు. కాకపోతే వాళ్లు తిన్నది కాయని, దాంతోపాటు చేపల్ని. పంచదార తక్కువ, ఒళ్లొంచి చేసే పని ఎక్కువ.

కోనసీమ అలవాటు కూడా ఇంచుమించు అదే కోవలోది. కేరళలోలా ఇక్కడ కొబ్బరినూనెతో వంట చేయరు. నూనె తలకి, కోరు పచ్చడికి, పాలు అన్నంలోకి. కోరుతోపాటు పీచుపదార్థం కూడా కడుపులోకి వెళ్తుంది. పైగా రోజూ తినేది పిడికెడే. ఆ లెక్కన కొబ్బరి పచ్చడికి భయపడక్కర్లేదు. ‘గుండెకి మంచిది’ అని సీసా నూనె చెంచాలకొద్దీ తాగడం మాత్రం తగదు. ఇప్పటికే కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారూ, గుండెజబ్బున్నవారూ డాక్టర్‌ని అడక్కుండా నూనె మార్చకూడదు. ఏ నూనైనా మితంగా, ఒకే నూనెకి అతుక్కుపోకుండా వాడమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఎప్పట్నుంచో చెబుతున్న మాటే అందరికీ సరిపోతుంది.

హైదరాబాద్‌లో క్షయ వేట

కోఏ కొక్కెం కథలో మన రాజధానుల వాటా ఇంకా ఉంది. క్షయ సూక్ష్మజీవికి కొవ్వంటే ప్రాణం. మన కణాల్లో దాక్కుని మన కొవ్వునే తింటుంది. దాంతోనే తన ఒంటిచుట్టూ మైనపు గోడ కట్టుకుంటుంది. మందులు దానిమీద త్వరగా పనిచేయకపోవడానికి ఆ గోడ కూడా కారణం. కొవ్వుకి చురుకు తెప్పించే ఎంజైములు ఆ సూక్ష్మజీవిలో ముప్ఫైకి పైగా ఉన్నాయి. వాటిలో కొన్ని అందరిలాగే కోఏ కొక్కెం వాడతాయి. మరికొన్ని ఆ కొక్కేన్ని దగ్గరకి కూడా రానివ్వకుండా వేరే దారిలో కొవ్వుని గోడ కట్టే మేస్త్రీలకి అందిస్తాయి. ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ శాస్త్రవేత్తలు 2004లో ‘నేచర్’ పత్రికలో ఈ రెండో దారిని బయటపెట్టారు. కోఏని అవి ఎలా కాదనగలుగుతున్నాయన్నది హైదరాబాద్ సీసీఎంబీలో రాజన్ శంకరనారాయణన్ బృందం ఎంజైముల ఆకృతుల్ని చూసి 2021లో వివరించింది. ఆ దారిని మూసే మందు దొరికితే గోడ కట్టడం ఆగుతుందన్నది ఆశ.

ఒక్క అణువు... ఇన్ని పనులు. కొబ్బరిలో అది నూనె, కండరంలో అది బలం, పసివాడి రక్తపు బొట్టులో అది హెచ్చరిక. కొబ్బరికాయని మనం దేవుడికిచ్చాం, వ్యాపారికిచ్చాం, సబ్బుల కంపెనీకిచ్చాం. భీమవరం నుంచి వెళ్లిన ఒక మనిషి తన ఇంట్లో జరిగిన రెండు చావులకి కారణం వెతుక్కుంటూ కణంలోకి తొంగిచూశారు. ఆయన చూసిన చోటే ఇవాళ ప్రపంచం గుండెకీ, పసిపిల్లలకీ, క్షయకీ మందులు వెతుకుతోంది. కోనసీమ బళ్లలో, కాలేజీల్లో చదువుకుంటున్న పిల్లలకి కొబ్బరి గురించి చెప్పేటప్పుడు ధర ఎంతుందన్నదే కాకుండా లోపల ఏముందన్నది కూడా చెబితే బాగుంటుంది. తర్వాతి దారం కొస అందుకునేది వాళ్లలోనే ఎవరో ఒకరు కావచ్చు!